తెర ఎనకాల సోటు

డేరా సినిమా తెర ఉతికిందాన్ని నానే.
శికాకుళంల, లాంగుల్యా రేవుల.
పద్దెనిమిది గజాల గుడ్డ బాబూ,
తడిస్తే గున్నేనుగు బరువు.
ఆ సివర నాను, ఈ సివర మా తోటికోడలు తవిటమ్మ
మెలేసి పిండీవోలం.

దేవుల్ల బొమ్మ ఆడిన వారం
నడిమద్దిని కర్పూరం మసి,
కొబ్బరినీల్లు, పసుపు సేతులు,
కిట్టమూర్తి పాదాలు పడీ కాడ కుంకం.
ఎంత సౌడెట్టినా ఆ ఎరుపు పోయీది కాదు.
"ఉండనీయే, దేవుడి మరక" అనీవోడు డేరా జోగారావు పట్నాయకు.
మరక ఉందని కూలి మాత్రం కోసీవోడు.

కొరడా అట్టుకొని ఆడమనిసి గుర్రమెక్కిన వారం
గుడ్డంతా సిల్లులే.
దొంగెదవ మీదికి మనోలు గులకరాల్లు ఇసిరీవోరు.
రాయి దూరిపోనాది, దొంగ సావనేదు.
సూదెట్టి కుట్టినాను.
మరసటి వారం సీతమ్మోరి సెంప మీద
నా కుట్టే.

ఓపాలి ఏదో ఇంటి కత తెచ్చినారు.
మారాజుల్నేరు, గుర్రాల్నేవు.
ఓ ఇదవపిల్ల కిటికీ కాడ కూకుంటాది, అంతే.
ఆ వారం గుడ్డ మీద ఒక్క మరక నేదు.
ఇప్పి సూసినాం, తిప్పి సూసినాం.
తవిటమ్మ ఏటీ అననేదు.
బండకేసి ఎప్పటికన్నా గట్టిగా బాదినాది.

నాకు టికెట్టేటి, తెర ఎనకాలే నా సోటు.
ఎండలకి గుడ్డ మీద నీల్లు కొట్టీది నానే గదా,
బిందె బోర్లించి కూకునీదాన్ని.
ఎనకనుంచి అచ్చరాలు తిరగబడతాయని
అర్దం సెప్పీ పంతులు జాలి పడినాడు.
సదువు రానోలికి ఎటైతే ఏటి పంతులూ!
నా కాడ అర్జనుడు ఎడం సేత్తో బాణమేసీవోడు.
ఆ సంగతి ఊరందరికీ తెల్దు.

అప్పుడొచ్చినాది, మాటలాడీ బొమ్మ.
కొత్త గుడ్డ, మందం గుడ్డ.
"సిల్లులు పొడవాల" అన్నాడు బరంపురం మిషనోడు,
"మాట బయటికి రావాల గదా."
ఇన్నేల్లూ సిల్లులు మూసిన సూదే.
దాంతోనే పొడిసినాం,
మూడు రేత్రులు, ఇద్దరం, ఏల్లు వాచిపోగా.

మాట ఏ పక్కనించి వస్తాదో అప్పుడు తెలిసినాది.
నా బిందె ఉన్న సోట
మనిసంత నల్ల పెట్టెట్టినారు.
పంతులు మరి రానేదు,
అతగాడి గంట డేరా గుంజకి ఏలాడతానే ఉంది.

బయట, గుడారం తాడు అట్టుకొని ఇన్నాను.
నోపలెవరో ఆడమనిసి ఏడస్తంది.
ఆ ఏడుపు ఏ సిల్లులోంచి వచ్చినాదో,
నాను పొడిసిందో,
తవిటమ్మ పొడిసిందో.