మోకాలు ఎక్కడుంది

ఆర్మూర్ హైస్కూల్ గ్రౌండ్ల
సున్నపు గీతలింకా తడి ఆరలేదు.
వరంగల్‌ల చదువుకునే పిలగాడు, అఫ్రోజ్,
కెమెరా స్టాండ్లు రెండు పాతిండు:
ఒకటి నా వెనక, ఒకటి మూడో బేస్ దిక్కు.
"మీరెట్ల చెప్తే అట్లనే నేర్చుకుంటది మేడం,
జర గట్టిగ చెప్పుండ్రి" అన్నడు.

ఇరవై రెండేండ్ల సంది
క్యాచర్ ఎడమ భుజం మీదికెళ్లి వంగి చూస్తున్న.
నాకు నేర్పిన సారు అక్కడ్నే నిలబడేటోడు.
చంక నుంచి మోకాలి దాంక
ఉత్త గాలికి ఒక దర్వాజ బిగిచ్చిన,
ఒక్కో పిల్లకు ఒక్కో కొలత.
బంతి అండ్లకెళ్లి పోతే కుడి చెయ్యి లేస్తది.
చెయ్యికి తెలిసినంకనే నాకు తెలుస్తది.
"అద్దాలు పెట్టుకో మేడం!" అని
గోడమీది పోరగాళ్లు మొత్తుకునేటోళ్లు.
పెట్టుకున్న. అయినా మొత్తుకుంటరు.

లాప్‌టాప్ తెర మీద
పిల్లలందరు పదిహేడు చుక్కల ముగ్గులైండ్రు.
ముగ్గు వంగుతది, ముగ్గు ముక్కు తుడుచుకుంటది,
ముగ్గు బ్యాటెత్తి
బంతిని సోయా చేన్లకు కొడ్తది.

ధరావత్ నీలవేణి వచ్చింది.
అన్న ప్యాంటు. నడుము కాడ రెండు మడతలు, నాడా ముడి,
కింద గాలి నిండిన రెండు సంచులు.
ముగ్గు చెదిరింది.
మోకాలి చుక్క పిక్క మీదికి జారె, తొడకెక్కె,
ఒకపారి పోయి క్యాచర్ మాస్కు మీద కూసుండె.
"మోకాలు దొర్కుతలేదు మేడం,
టైట్ ప్యాంటు ఏస్కొమ్మనుండ్రి."

నాకు దొరుకుతది.
పోయిన వానకాలం సెకండ్ బేస్‌కు జారి
చిప్ప కాడ తోలు లేచిపోతే
పక్కింట్ల పసుపు అడుక్కొచ్చి
నేనే అదిమిన. పండ్లు కొరుక్కుంట
నా భుజం గిచ్చింది పిల్ల.
"అగో, ఆ కుట్లకు బెత్తెడు మీద" అని
తెర మీద వేలు పెట్టి చూపిచ్చిన.

పొద్దుగూకినంక లెక్క తీసిండు.
నూట పన్నెండు బంతులు. పదకొండు కాడ
నా చెయ్యి ఒకటంటది, ప్లేటు ఒకటంటది.
ప్లేటుకు మోకాళ్లతోని పనిలేదు,
అడ్డం కొలత అడ్డం కొలతే.
పదకొండుట్ల తొమ్మిది
ఎడమచేతి పిల్లలయి.
అన్నీ దూరపు అంచుకే. అన్నీ నాలుగేళ్లు బయటనే.

చాయ్ మీద మీగడ కట్టింది.
అఫ్రోజ్ మెల్లగ, "ఇవి తీసేద్దామా మేడం?" అన్నడు.

బాల్కొండ నుంచి ఒక పిల్ల వస్తుండె, గంగజల.
ఎడమచెయ్యి. జిల్లా ఫైనల్, ఆఖరి బంతి.
"గది లోపటికొచ్చిందా మేడం?" అని అడిగింది.
"నడువు" అన్న.
బ్యాటు ఈడ్చుకుంట పోయిన గీత
సున్నపు గీతకు అడ్డంగ
చానా సేపు ఉండె.

"ఉండనియ్యి" అన్న.
"పక్కన తప్పు అని రాయి. నా పేరు గూడ రాయి."

తెల్లారి నీలవేణి ఎడమచేతి వాటంల నిలబడ్డది.
అదే ప్యాంటు.
నేను క్యాచర్ కుడి భుజం దిక్కు జరిగిన.
కాలికింద ఆ మన్ను కొత్తగున్నది,
ఎవ్వరూ తొక్కనట్టు మెత్తగ.

"ఏంది మేడం, గిటు వచ్చిండ్రు?"

"బంతి చూడు బిడ్డా."