చీపుళ్ళ గదిలో

డులూత్‌లో జనవరి. సరస్సు గడ్డకట్టి
ఓడలు రేవులోనే నిద్రపోయే నెల.
శిక్షణ గది గుమ్మం దగ్గర పదమూడు జతల బూట్లు
మంచు కక్కుకుంటూ, మడుగులు కడుతూ.

వెర్నా కెట్టునెన్ ఒక్కొక్కరి ముందూ ఒక ఫైలు పెట్టింది.
రెండువందల పద్నాలుగు పేజీలు, ఆరు రంగుల అట్టలు.
అద్దె ఒప్పందం ఎలా చదివి వినిపించాలి,
నల్లులు పడితే ఎవరికి ఫోన్ చెయ్యాలి,
మనిషి మూడు రోజులు కనబడకపోతే
ఏ వరసలో భయపడాలి.

"అదంతా ఇంటికెళ్ళి చదువుకోండి," అంది.
"ఇవాళ తలుపు తట్టడం నేర్చుకుందాం."

నవ్వాం.
నేనైతే కాస్త గట్టిగానే నవ్వాను.
తొమ్మిదేళ్ళు ఈ ఊరంతా పిజ్జాలు మోసినవాణ్ణి,
తలుపుల సంగతి నాకా చెప్పడం!

నవ్వినందుకే కాబోలు, నన్ను చీపుళ్ళ గదిలోకి పంపింది.
"ఇది నీ ఇల్లు. పేరు నీ ఇష్టం.
తియ్యాలనిపిస్తేనే తియ్యి."

లోపల బ్లీచు వాసన. తడి మాపు మెడకు తగులుతోంది.
కూర్చునే చోటు లేదు, బోర్లించడానికి బకెట్టయినా లేదు.
తలుపు కింద సన్నటి వెలుతురు గీత,
గీత మీద రెండు నల్లటి మచ్చలు, ఎవరివో పాదాలు.

దబ్ దబ్ దబ్.

ఆట అని తెలుసు. అవతల మేజోళ్ళతో నిలబడింది
పొద్దున నాతో డోనట్ పంచుకున్న మావిస్ అనీ తెలుసు.
అయినా చెయ్యి గడియ దాకా వెళ్ళి ఆగిపోయింది.
నేనేం చేశాను? ఎవరు చెప్పారు?
పదిహేడో ఏట, మా అమ్మ కొత్త మొగుడు
నా గది తలుపుని పిడికిలితో అడిగిన ప్రశ్న
ఇన్నేళ్ళకి మళ్ళీ వినబడింది.

తియ్యలేదు.

బయట వెర్నా గొంతు, మావిస్‌తో:
"ఒక్క అడుగు వెనక్కి. నీ పేరు చెప్పు. ఎందుకొచ్చావో చెప్పు.
మళ్ళీ ఎప్పుడొస్తావో చెప్పి, ఆ వేళకే రా.
ఇక వెళ్ళు. వెళ్ళిపోవడం కూడా పనే."

ఫిబ్రవరిలో ఆరిన్ బోల్యూకి మూడో అంతస్తులో గది దొరికింది.
పదకొండేళ్ళ తర్వాత మొదటి తాళంచెవి,
బూటు లేసుకి గుచ్చి మెళ్ళో వేసుకున్నాడు.
కొత్త మంచం మీద అట్టపెట్టెలు పెట్టి
తను స్నానాల తొట్టిలో పడుకునేవాడు, కోటుతో సహా.
రెండు గడియల వెనక అయితే నిద్ర పడుతుందట.
ఫైల్లో ఆరు రంగులూ తిరగేశాను. దీనికి పేజీ లేదు.

ఇంకోదానికీ లేదు.
బజారు నించి వచ్చిన ప్రతిసారీ
అతను తన తలుపు తనే తట్టేవాడు.
మూడుసార్లు, మెత్తగా.
కాసేపు ఆగి, అప్పుడు తాళం తీసేవాడు.
సంచులు పట్టుకుని నేను పక్కన నిలబడేవాణ్ణి,
పాలు నా చేతిలో బరువెక్కుతూ.

ఏప్రిల్లో ఆస్పత్రి లాండ్రీలో పని.
మొదటి వారం నేనతని మోచేతి పక్కనే,
దుప్పటి నాలుగు మూలల్లో రెండు నావి.
తర్వాత బల్ల చివర. తర్వాత స్తంభం చాటున.
తర్వాత పార్కింగ్‌లో కారులో, ఒళ్ళో ఫోన్.
ఫోన్ మోగలేదు.
మోగకపోతే సంతోషించాలని నూట నలభయ్యో పేజీ.
చదివాను. సంతోషించడం ఇంకా సరిగ్గా రాలేదు.

మే నెలలో ఒక రోజు లోపలికి వెళ్తే
కొత్త సూపర్‌వైజర్ అడ్డం వచ్చి, "మీరెవరు?" అంది.
ఆరిన్ తలెత్తి చూశాడు. దుప్పటి మడత ఆపలేదు.
"నాకు తెలిసినాయన," అన్నాడు.
అంతే, మళ్ళీ తల దించుకున్నాడు.

ఆ వారమే శిక్షణ మీద అభిప్రాయం అడుగుతూ కాగితం వచ్చింది.
ఇంకా ఏ వనరులు కావాలి? ఎదురుగా నాలుగు గీతలు.
చాలాసేపు పెన్ను నమిలాను.
సరకు ఓడ ఒకటి రేవులోకి వస్తూ కూత పెట్టింది,
ఎత్తిన వంతెన బదులు పలికింది.

రాశాను:
చీపుళ్ళ గదిలో ఒక కుర్చీ వెయ్యండి.