రెండు కేజీలు తక్కువ

అక్క ఎత్తిన మొదటి బరువు నేను.
పద్దెనిమిది కేజీలు, చీమిడితో సహా.

విరిగిన బండి ఇరుసు ఒకటి రేవులో దొరికింది దానికి.
ఒక కొనకి తారుడబ్బాలో పోసి ఆరబెట్టిన సిమెంటు.
రెండో కొనకి సిమెంటు చాలక
కొబ్బరికాయల వలలో నన్ను వేలాడగట్టి
"ఊగావంటే ఏట్లో పడేస్తా" అనేది.
ఊపిరి బిగబట్టేవాణ్ణి. లేచేవాణ్ణి.
దాని భుజం పక్కనుంచి చూస్తే
మా తాడిగరువు లంక మొత్తం ఓ అరటాకంత.

బరువులకేం, లంకలో కొదవలేదు.
ఇసుక తట్ట నెత్తికెక్కితే
పడవ దాకా నడవడమే, మళ్ళీ రావడమే.
ఇనుమెత్తితే గర్భసంచి జారుతుందంది మంత్రసాని సూరమ్మ.
ఆ మాటన్న నోటితోనే
తన గాబులోకి నాలుగు బిందెలు తెచ్చి పొయ్యమంది.

ఓసారి సత్తిరాజుగారి కాటా దగ్గర
కురిడీల బస్తా రెండు చేతులా లేపి, దించి,
"మీ కాటా నాలుగు కేజీలు మింగేసిందండి" అంది.
పదమూడేళ్ళది.
నాన్న అందరి ముందే చెంప పగలగొట్టాడు.
రాత్రి, లాంతరు తగ్గించాక,
"నిజంగా నాలుగేనా?" అని అడిగాడు.

రాజమండ్రిలో ఆడపిల్లలకి పోటీ పెట్టడం అదే మొదలట.
వచ్చింది నలుగురు.
అందులో ఒకామె ఇనుము చూసి వెళ్ళిపోయింది.
అక్కది నలభై ఎనిమిది కేజీల తరగతి.
నూట యాభై గ్రాములు ఎక్కువ తూగింది.
ఉమ్మింది, పరిగెత్తింది,
రగ్గు కప్పుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో కూచుంది.
ఇంకో ఐదు నిమిషాలుందనగా
ఎవర్నో కత్తెర అడిగి జడ తెగ్గోసుకుంది.
పేపర్లో చుట్టి నా చేతికిచ్చింది.
ఇంకా వెచ్చగా ఉంది.

"ఓలేటి నూకరత్నం!" అని మైకులో పిలిచారు.
"ఆయ్" అంది.
హాలంతా నవ్వింది.

మొదటిది వెనక్కి పడింది.
రెండోది మోకాళ్ళు దాటలేదు.
మూడోసారి నేను ఊపిరి బిగబట్టాను,
పాత అలవాటు.
చేతులు నిటారుగా, తల మీద అరవై అయిదు.
తెల్లచొక్కా ఆయన చెయ్యి కిందికి ఊపి "డౌన్" అన్నాడు.
అక్క దించలేదు.
ఆయన ఇంకోసారి అన్నాడు.
"దించమని ఒకళ్ళు చెబుతారని నాకెలా తెలుస్తుందిరా"
అంది తర్వాత, బస్సులో.

పంటు దిగగానే నాయనమ్మ పట్టుకుంది.
"ఎంత ఎత్తావే?"
"అరవై అయిదు కేజీలు."
"ఏంటది, బియ్యమా?"
"ఇనుము."
"ఎక్కడికి మోశావు?"
"ఎక్కడికీ లేదు. అక్కడే దించేశాను."
నాయనమ్మ చాలాసేపు ఆలోచించింది.
"మరి కూలెవరిచ్చారు?"

అమ్మ మాత్రం ఏమీ అడగలేదు.
కాగితం విప్పి, జడకి కొబ్బరినూనె రాసి,
పెట్టెలో చీరల కింద పెట్టింది.

తర్వాత కప్పులు, రైల్వే ఉద్యోగం,
పేరు తప్పుగా వేసిన పేపర్లో ఫొటో.
ఇక్కడ ప్రతి వరదకీ లంక కొంచెం కోసుకుపోయింది.
అది నన్నెత్తిన చోటు ఇప్పుడు నది.
పంటు నడుపుతుంటే ఒక్కోసారి
గెడ ఇనుముకి తగిలినట్టుంటుంది,
అప్పుడు కాస్త ఆగుతాను.

మొన్న వంతెనకి సిమెంటు నా పంటు మీదే వచ్చింది.
అక్క సెలవు మీద ఉంది, మోకాళ్ళు అరిగిపోయి,
గట్టు ఎక్కడానికి నా భుజం కావాలిప్పుడు.
అయినా వద్దంటే వినదు.
ఓ బస్తా రొమ్ముకి ఆనించి లేపి
కళ్ళు మూసుకుని నిలబడింది.
"రెండు తక్కువ" అంది.

కాంట్రాక్టరు నవ్వాడు, "కంపెనీ కుట్టు మేడమ్."
సత్తిరాజుగారి మనవడి దగ్గర్నుంచి
ఎలక్ట్రానిక్ కాటా తెప్పించాను.
ఎర్ర అంకెలు ముందుకీ వెనక్కీ ఆడి, ఆగాయి.

నలభై ఎనిమిది.

కాంట్రాక్టరు ఎవరికో ఫోన్ చేస్తున్నాడు.
అక్క ఆ అంకెనే చూస్తూ
మెడ వెనక చెయ్యి పెట్టి
తడుముకుంది.