ఇరవై మేకులు

డులూత్‌లో వాలు వీధి మీద నా ఫ్రేముల కొట్టు.
తలుపు తెరిస్తే సరస్సు గాలి ముందొస్తుంది,
మనిషి తర్వాత.

ఆ మార్చిలో అలాగే వచ్చాడు డాక్టర్ వాల్‌బర్గ్,
చంకలో అట్టగొట్టం, బూట్లకు మంచు.
గొట్టంలోంచి బోర్డు వారి పత్రం జారింది.
బంగారు ముద్ర, ఆరు సంతకాలు,
శస్త్రవైద్యంలో ఇతణ్ణి పరీక్షించి
యోగ్యుడని తేల్చామంటూ నిటారు అక్షరాలు.
అడుగున, చీమ తలంత, గడువు తేదీ.

"గట్టిగా అతికించెయ్యండి, ఇక ఊడకూడదు."
అతికించనన్నాను.
గోధుమ గంజి కాస్తాను,
పై అంచున పలచటి కాగితపు పట్టీలు రెండే వేస్తాను.
కాగితం తేమకు ఉబ్బుతుంది, చలికి ముడుచుకుంటుంది,
దాని ఊపిరి దాన్ని తీసుకోనివ్వాలి.
ఎప్పుడైనా తీయాల్సొస్తే
తడి కుంచె, పావుగంట ఓపిక చాలు.

"దీన్నెవరు తీస్తారు?" అని నవ్వాడు.
మంచి నవ్వే.
మా తమ్ముడి పేగు కోసి కుట్టిన చేతులవి, ఆ మాట దాచను.
వాడిప్పటికీ మంచుకు కన్నం వేసి చేపలు పడుతున్నాడు.

ఖరీదైన అద్దం వద్దన్నాడు, మామూలుది చాలన్నాడు.
నల్ల వాల్‌నట్ చెక్క, వెనక ఇరవై చిన్న మేకులు.
రశీదులో రాశాను. నేనన్నీ రాస్తాను.

చాలా ఏళ్ళకు మార్వెల్ కోస్కీ వచ్చింది,
మనవడు గీసిన ఓడ బొమ్మ పట్టుకుని.
ఆపరేషన్ గదిలో గుడ్డలు లెక్కపెట్టే నర్సు.
నీలం అట్టా బూడిదరంగు అట్టా తేల్చుకోలేక
బల్ల మీద చేతులాన్చి, ఉన్నట్టుండి చెప్పింది.
ఎవరి కడుపో చెప్పలేదు. నేనడగలేదు.

"ఇరవై ఇచ్చాం, పంతొమ్మిది వచ్చాయి. అదే అన్నాను.
సూది ఆపలేదాయన. నీకు లెక్క రాదన్నాడు.
మళ్ళీ అన్నాను.
పళ్ళెం నేలకేసి కొట్టాడు.
గదిలో ఆరుగురం. ఆరుగురి చూపూ ఆ పళ్ళెం మీదే.
పంతొమ్మిదనే రాశానమ్మా కాగితం మీద.
మర్నాడు చూస్తే ఇరవై అని ఉంది.
నా సున్నా అంత గుండ్రంగా ఉండదు."

నీలం అట్టే తీసుకుంది చివరికి.

ఆ రాత్రి పట్టీలు కత్తిరిస్తూ అనుకున్నాను,
బోర్డు వాళ్ళడిగినవన్నీ అతను చెప్పే ఉంటాడు,
ఏ నరం ఎక్కడ, నెత్తురు ఉబికితే ఏ వేలెక్కడ.
లెక్క తప్పిందని నర్సంటే ఏం చేస్తావని అడిగారా?
అడిగినా, చెప్పే ఉంటాడు.
నోటి పరీక్షలో ఎవరి నోరైనా మంచిదే.

ఈ అక్టోబరులో గాలి ముందొచ్చింది, తర్వాత అతను.
ఫ్రేమును రెండు చేతులా పట్టుకున్నాడు.
"అసలు పత్రం వెనక్కి పంపమన్నారు.
చిరక్కుండా తీయగలరా?"

తీయగలను. అందుకేగా అలా బిగించింది.

అట్ట దాచిన అంచు ఇంకా పాలలా తెల్లన,
కిటికీ వెలుగు తిన్న మేర పసుపు.
సంతకాల్లో రెండు పూర్తిగా వెలిసిపోయాయి.
ముద్ర మాత్రం మెరుస్తూనే ఉంది, సిగ్గులేనిది.

గంజి నానేలోగా మేకులు లెక్కపెట్టాను,
అయస్కాంతపు గిన్నెలో. పద్దెనిమిది.

"పోనీలెండి," అన్నాడు.
తలెత్తి చూశాను.
ఏమీ అనలేదు, ఇరవై అని రాసున్న పాత రశీదు
బల్ల మీద అతని వైపు తిప్పి పెట్టానంతే.

రేవులో ఇనుపరాయి ఓడ కూత వేసింది, వంతెన జవాబిచ్చింది.
అతను కోటు విప్పి కుర్చీ మీద వేశాడు.
మోకాళ్ళ మీద కూర్చుని, అరచేత్తో
రంపపు పొట్టు నిమురుతూ పోయాడు, మెల్లగా,
చర్మం కింద గడ్డ కోసం వెతికినట్టు.

బీరువా కాలి దగ్గర ఒకటి దొరికింది.
గిన్నెలో వేసి, తనే మొదట్నుంచీ లెక్కపెట్టాడు, పెదవులు కదుపుతూ.
"పంతొమ్మిది," అన్నాడు.
పైకి లేవలేదు.

కొట్టు మూసే వేళ దాటింది.
దీపం తీగ బారు వదిలి
నేల దాకా దించి పట్టుకున్నాను.