పధ్నాలుగో ప్రశ్న

బుకారెస్ట్. సెప్టెంబరు మొదటి వారం.
ఆరు బ్లాకులు తిరిగాను, లిఫ్టు కదిలింది ఒక్కదాంట్లోనే.
సంచిలో నలభై ఫారాలు, రక్తానికి సీసాలు.

నాలుగో అంతస్తులో వెతూరియా గారు
తలుపు తీసి ముందు నా బూట్ల తడి చూశారు.
భర్త ఒక్తావియన్ ఆసుపత్రిలో. ఇవాళ్టికి పదో రోజు.
జ్వరం, కొయ్యబారిన మెడ.
కళ్ళు తెరిస్తే పెళ్ళాన్ని టికెట్టు చూపించమంటున్నాడట,
ముప్పై ఏళ్ళు ట్రాము కండక్టరు.

పధ్నాలుగో ప్రశ్న: మీ సెల్లార్లో నీళ్ళు నిలిచి ఉన్నాయా?
ఆవిడ నవ్వారు.
ఈ ప్రశ్నకి నవ్వని మనిషి ఈ వీధిలో లేరు.
పైపు పగిలి మూడేళ్ళు.
కింద ఊరగాయ జాడీలు తేలుతున్నాయి,
పైన ఏ ఆఫీసులోనో అర్జీలు.

టార్చి పట్టుకుని దిగాను.
గోరువెచ్చటి చీకటి, మురుగు వాసన.
వెలుగు పడగానే
నీటి అంచుకి కామాల్లా వేలాడుతున్న దోమపిల్లలు
ఒక్కసారిగా అడుక్కి పోయాయి,
రాసిన వాక్యాన్ని ఎవరో తుడిచేసినట్టు.

రోగి ఒకరికి
జబ్బు పడని వాళ్ళు ఇద్దరు కావాలి లెక్కకి.
ఎదురు వాటా హరలాంబీ చొక్కా చెయ్యి మడిచాడు.
"నాకేం లేదు కదా డాక్టరమ్మా, నా నెత్తురెందుకు?"
నీకేం లేదు కనకే, అన్నాను.

శుక్రవారం లాబ్ కాగితం వచ్చింది.
హరలాంబీకీ వచ్చిపోయింది.
ఆగస్టులో ఓ పూట తలనొప్పి అనుకుని
ప్లమ్ సారా ఓ గుక్క వేసుకుని పడుకున్నాడేమో.
ఒకే దోమ కావచ్చు, ఒకే రాత్రి.
ఇతన్ని కుట్టి ఊరుకుంది,
అతని దగ్గర పేర్లన్నీ పట్టుకుపోయింది.
ఎందుకో రాయడానికి ఫారంలో గడి లేదు.

నిజానికిది పిట్టల జబ్బు.
పిట్టకీ దోమకీ మధ్య ఎన్నాళ్ళనుంచో నడుస్తున్న అప్పు.
మనిషి ఒంట్లోకొచ్చాక
ఇంకెక్కడికీ పోయే దారి దానికి లేదు.
మేం మనిషిని దారి ముగిసే చోటు అంటాం.
ఆ మాట వెతూరియా గారికి చెప్పలేదు.
బాల్కనీలో ఆవిడ పిచ్చుకలకి రొట్టెముక్కలు వేస్తున్నారు.

సాయంత్రం మా స్మరాంద మేడం
రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి కళ్ళజోడు తీసింది.
"ఒకే మెట్లు, ఒకే సెల్లార్.
పధ్నాలుగో గడిలో ఇద్దరికీ అవునే.
ఇందులో పోల్చడానికేముంది?
పొడి సెల్లార్ ఉన్న ఇల్లు ఒకటి పట్టుకురా."

రేపు ఏడో బ్లాకు.
బూట్లు రేడియేటర్ మీద పెట్టాను,
అది రాజేసేది నవంబరులో.