నాలుగు పౌండ్ల లాభం

నాలుగు పౌండ్లు మిగిలాయని
ఫోన్లో కొన్న టైరుని
చంకన పెట్టుకుని వెళ్ళాను
గ్లెనిస్ దుకాణానికే, బిగించి పెట్టమని.

సిగ్గు వానకోటు లోపల దాక్కుంది.
స్వాన్‌సీలో వానకోటు విప్పే అవసరం
ఎప్పుడో గాని రాదు.

ఆమె ఏమీ అనలేదు.
టైరు పక్కన అచ్చేసిన బాణం గుర్తు చూపించి
"చక్రం ఇటు తిరగాలి" అంది.
పాతదాన్ని నేనే తిరగేసి వేసుకుని
మూడు నెలలుగా తొక్కుతున్నానని
అప్పుడు తెలిసింది.
ఆ పాఠానికి బిల్లు రాయలేదు.

బ్రిన్‌మిల్ మలుపులో
మూతపడ్డ బ్యాంకుకీ, గోళ్ళరంగుల షాపుకీ నడుమ
ఇరుక్కుని నిలబడ్డ దుకాణం.
లోపల రబ్బరు వాసన,
హీటరు మీద ఎవరివో తడి చేతితొడుగులు.
నీళ్ళ బేసిన్లో ట్యూబు ముంచి
ఆమె బుడగ కోసం చూస్తుంటే
అక్కడున్న మాటలన్నీ ఆగిపోతాయి.
కన్నం ఎంత సన్నదైనా
నీళ్ళ ముందు దాగదు.

జనవరిలో తలుపు అద్దానికి కాగితం అంటించింది:
"మార్చి దాకా ఉంటాను. ఆపైన చెప్పలేను."

ఆ వారం వీధి వీధంతా జబ్బుపడింది.
రిటైరైన పోస్ట్‌మాన్ హవెల్
నిక్షేపంలాంటి బ్రేకుల్ని పట్టుకుని
ఇవి పట్టడం లేదన్నాడు.
మూడో నంబరు ఇంటి కవలలు
గంట మోగట్లేదని ఏడుపు మొహాలతో వచ్చారు,
దాని నాలుక ఊడబీకి జేబులో వేసుకుని.
నేను ఆస్పత్రి గోడ చాటున
ముందు చక్రం గాలి తీసేసి
కుంటిగుర్రంలా నడిపించుకొచ్చాను.
రాత్రంతా నెత్తురు పరీక్షలు చేసే మనిషిని,
రోగం నటించడం నాకు రాదా?

గ్లెనిస్ వాల్వు మీద వేలుంచి
నా మొహం చూసింది.
"ట్యూబుకేం కాలేదు. నీకేమైంది?"

గాలి తీసింది నేను,
గాలి పోయిందీ నాకే.

"జాలితో అద్దె కట్టలేను" అంది.
"అంతగా ఉంటే, బాకీ కట్టండి."
సొరుగులోంచి నూనెమరకల పుస్తకం తీసి
బల్ల మీద పడేసింది.

మా వైపు కొట్లలో
గల్లాపెట్టె మీద రాసుండేది, అప్పు రేపు అని.
ఆ రెండు మాటలు రాసుకోని దుకాణం ఇది.
పన్నెండేళ్ళ "తర్వాత ఇస్తాలే"లు
పుట పుటకీ:
శంసుల్, వెనక చక్రం, ఇరవై రెండు
(తిండిపొట్లాలు మోసే కుర్రాడు, ఇంకా జీతం రాలేదు).
హవెల్, పెడల్ జత, తొమ్మిది
(భార్య పోయిన నెల).
పేరు తెలీదు, ఎర్ర హెల్మెట్ అమ్మాయి, ట్యూబు.
నా పేరు రెండుచోట్ల, రెండు రకాల తప్పులతో:
తాళం, ఆరు.
గొలుసు, పద్నాలుగు. పక్కనే సన్నగా,
"రాత్రి డ్యూటీ మనిషి. అడగొద్దు."

సముద్రపు ఎదురుగాలిలో
నేనే తొక్కుతున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇరవై ఇచ్చాను. పైన ఇంకో నాలుగు పెట్టాను.
"ఇదేంటి?"
"టైరుది."
వెనక్కి తోసింది.
కాసేపు ఆలోచించి
మళ్ళీ తనే లాక్కుంది.

పుస్తకంలో సగం పద్దులకి అడ్డగీతలు పడ్డాయి.
మిగతావాళ్ళలో కొందరు ఊరొదిలేశారు,
ఒకాయన లోకమే వదిలేశాడు.
ఆయన పద్దు కూడా కొట్టేసింది,
డబ్బు రాకుండానే.

కాగితం మీద మార్చి పోయి జూన్ వచ్చింది.
పెన్సిల్‌తో రాసింది.
పెన్సిలెందుకని ఎవరం అడగలేదు.

ఇవాళ పంపు అరువు తెచ్చుకున్నాను.
ఆమె వేరే చక్రం మీద వంగి ఉంది,
పుస్తకం తీసి నేనే రాశాను:
పంపు, ఒకటి. శనివారం లోపల.
కింద నా పేరు,
ఆమె రాసే తప్పుతోనే.