ఒరిగిన మద్దికి గడి లేదు

గాలి పోయిన పదకొండో రోజు
తాడ్వాయి అవతల, వాగు దాటినంక
మమ్మల్ని లెక్కకు పంపిండ్రు.
చేతిలో టేపు, సంచిలో ఎర్రరంగు డబ్బా,
చంకలో రిజిస్టరు.
రిజిస్టరులో రెండే గడులు:
నిలబడ్డవి. పడ్డవి.

నేను హన్మకొండ పిల్లను.
చెట్ల పేర్లు పరీక్ష కోసం
లాటిన్‌లో బట్టీ పట్టినదాన్ని.
నా ముందు నడిచే పాయం బుచ్చక్క వాచరు.
టెంపరరీ. పద్నాలుగేండ్ల నుంచి టెంపరరీ.
ఆమె బెరడును అరచేత్తో తడిమి
"ఇది నార చెట్టు" అంటది, "ఇది బంక చెట్టు,"
ఇంకోదాని కాడ ఆగి నవ్వుతది:
"దీనికి పనేం లేదు. ఉత్తగ నిలబడతది. మంచిది."

అడవి పడ్డప్పుడు చప్పుడు ఎట్లుంటదో నాకు తెల్వదు.
ఆ రాత్రి కరెంటు పోయిందని తిట్టుకుంట
క్వార్టర్లో పండుకున్న.
నాకు కనబడ్డది తెల్లారినంకటి వెలుతురే,
అది ఉండకూడని చోట ఉంది.
ఇల్లు కూలినంక వీధిలకు బయటపడ్డ
అర్రలోని నీలిసున్నపు గోడ లెక్క
ఎండ ఎరుగని నాచు మీద ఎండ.

ఏగిసను కొలిచినం.
విరిగిన కాడ కారిన ఎర్రజిగురు
నా వేళ్లకంటి, వాగులో కడిగినా పోలే.
నారేప వేర్లతో సహా లేచింది.
వేర్ల పిడికిట్లో ఒక కుండపెంకు,
అంచుకు గోటితో నొక్కిన గీతలు.
బుచ్చక్క దాన్ని మళ్ల మట్టిలనే పెట్టింది.
"ఎవలదో ఇల్లు. చెట్టుకన్న ముందుగాలది."

పడ్డదానికి ఎర్రరంగు నంబరు,
నిలబడ్డదానికి గడిలో ఒక గీత.
మధ్యాహ్నానికి మా ఇద్దరి మాటలు అయిపోయినయి,
అంకెలే మిగిలినయి.
పడ్డది పడ్డకాడనే ఉండాలె, పుల్ల సుత తీయొద్దు,
అభయారణ్యం రూలు అని నేను చెప్తే
"మంచి రూలే మేడం,
మా కట్టెల మోపును ఆపింది,
చెదలకు అన్నం పెట్టింది," అన్నది.
ఎక్కిరించిందో, మెచ్చుకున్నదో,
మొఖం చూస్తే తెలిసేటట్టు లేదు.

ఆఖరుకు నల్లమద్ది కాడికి వచ్చినం.
మొసలి వీపు లాంటి బెరడు.
టేపు చాలలేదు,
ఇద్దరం చెరో దిక్కు కావలించుకున్నం,
నా వేళ్లు ఆమె వేళ్లకు అందలే.

"మా అయ్య తాగిపిచ్చిండు దీని నీళ్లు.
ఎండలు ముదిరిన నెల. వాగు ఇసుకైంది.
గొడ్డలి మడిమెతోని ఒక్క దెబ్బ,
ఆకు దొప్ప పట్టుకొమ్మన్నడు.
కొంచెం వగరు. కొంచెం చల్లగ.
తాగినంక దెబ్బకు బంకమట్టి మెత్తిండు,
దాని నోరు మూసినట్టు కాదు,
పిల్లగాని మోకాలికి పసుపు పెట్టినట్టు."

మచ్చ ఇంకా ఉంది.
చెట్టు పెరిగింది, బుచ్చక్క పెరిగింది,
మచ్చ మాత్రం అయ్య ఛాతీ ఎత్తులనే
ఆగిపోయింది ఇన్నేండ్లు.
ఇప్పుడది ఆకాశం దిక్కు చూస్తుంది.

మద్ది పడలే.
పక్కనున్న బండారు మాను భుజం మీద ఒరిగి
సగం వేర్లు గాలిలో, సగం నేలలో.
ఆకు వాడలే.
చిటారు కొమ్మకు ఒక దసలి కాయ.
చెట్టంత వంగినా
తాపీమేస్త్రి తూకంగుండు తీరు
అది నిట్టనిలువుగ వేలాడుతుంది,
లోపల ఎవరికో ఏ సంగతీ తెలియనట్టు.

"రాయి మేడం," అన్నది బుచ్చక్క,
"ఏ గడిల రాస్తవో రాయి."
రంగు బ్రష్షు నా చేతిల ఎండుతుంది.
వడ్రంగిపిట్ట ఒకటి పడ్డ టేకు మీద
పొద్దటి నుంచి అదే తలుపు కొడుతుంది.

రెండు గడుల నడుమ గీత ఉంటది కదా,
ఆ గీత మీద రాసిన.

మూడు రోజులకు ములుగు ఆఫీసు నుంచి ఫోను.
కంప్యూటరు పిల్లగాడు, ఇజ్జగిరి.
"మేడం, టోటల్ల ఒకటి తక్కువొస్తుంది.
పడ్డదా? నిలబడ్డదా?"

ఆగమన్న.
ఎన్నాళ్లని అడిగిండు.
బుచ్చక్కను అడిగి చెప్తనన్న.